మూలగది షావుకారుగారు, మా రత్నంగారు

ఏలూరులో నేను పనిచేసే హోటల్లో గదులన్నిటికీ కార్డు తాళాలే. కార్డు ఆనిస్తే చిన్న పచ్చ లైటు వెలుగుతుంది, తలుపు వదులవుతుంది, అంతే. మొన్న రెండో అంతస్తులో చాన్నాళ్ళుగా ఎవరికీ ఇవ్వని గది ఒకటి తీయాల్సి వచ్చింది. తలుపు సందు పడిందో లేదో, లోపలినుంచి ఒక వాసన వచ్చి మొహానికి తగిలింది. చెమ్మ పట్టిన గోడ, కలరా ఉండలు, పీచు పరుపు, ఎవరూ పీల్చని గాలి. నా చెయ్యి దానంతటదే తలుపు మీద మెల్లగా తట్టింది. నోరు కూడా నన్నడక్కుండానే అనేసింది: "ఏవండీ, గది సర్దాలండీ, లోపలికి రావచ్చాండీ?"

వెనకాల దుప్పట్లు పట్టుకుని నిలబడ్డ కొత్తమ్మాయి పకపకా నవ్వింది. "ఎవర్ని అడుగుతున్నావక్కా? అది ఖాళీ గది కదా!"

నేనూ నవ్వేశాను. కానీ ఆ వాసన పొద్దస్తమానం నన్ను వదల్లేదు. దానితోపాటు రత్నంగారు కూడా వచ్చి నా పక్కనే నడిచినట్టుంది. మీలో ఎవరూ ఆవిణ్ణి చూసుండరు. ఆవిడ ఫొటో కూడా నా దగ్గర లేదు. మనిషి పొట్టి, గొంతు మాత్రం బారెడు. నేత చీర, నడుముకి తాళాల గుత్తి, పాపిట దగ్గర తెల్లబడ్డ జుట్టు. తాడేపల్లిగూడెం స్టేషనుకి ఎదురుగా ఉన్న పాత లాడ్జికి ఆవిడే మేనేజరు. యజమాని ఎక్కడో వేరే ఊళ్ళో ఉండేవాడు. లాడ్జిలో ఆకు కదలాలన్నా రత్నంగారు ఊఁ అనాలి.

నాది భీమడోలు. పదో తరగతి గట్టెక్కాను గానీ ఇంటరు దగ్గర బండి ఆగిపోయింది. ఇంట్లో కూర్చుంటే అమ్మ పోరు పడలేక, తెలిసినవాళ్ళు చెప్పారని ప్యాసింజరెక్కి గూడెం వెళ్ళాను. నన్ను చూడగానే రత్నంగారు అడిగిన మొదటి ప్రశ్న, "నీకు దెయ్యాలంటే భయమా?"

"భయమేనండీ," అన్నాను.

"హమ్మయ్య. భయం ఉన్నవాళ్ళే మర్యాదగా ఉంటారు. రేపణ్ణుంచి వచ్చెయ్."

మర్నాడు నాకు నేర్పిన మొదటి పని ఊడవడమూ కాదు, తుడవడమూ కాదు, తలుపు తట్టడం. మనుషులున్న గది సరే, తాళం వేసున్న ఖాళీ గదైనా సరే, ముందు తట్టాలి. అండీ అని పలకరించాలి. ఒక ఊపిరి తీసి వదిలేంతసేపు ఆగాలి. అప్పుడు తాళం తియ్యాలి. నాకు నవ్వొచ్చింది.

"లోపల ఎవరూ లేరు కదండీ, పిన్నిగారూ?"

"లేరని నీకెవరు చెప్పారే? చూడు మణీ, ఇది లాడ్జి. ఎంతమంది పడుకున్నారో, ఎంతమంది ఏడ్చారో, ఎవరు దేనికోసం ఎదురుచూశారో మనకేం తెలుసు? ఒకళ్ళు ఇంకా కదల్లేదనుకో. మనం ధడాల్న తలుపు తోసుకుని వెళితే వాళ్ళకెంత చిన్నతనం!"

మా జిల్లావాళ్ళ మర్యాద గురించి జోకులు వేస్తారు కదా, పాముని కూడా 'కాస్త పక్కకి జరగండి' అంటారని. మా రత్నంగారు దెయ్యాలకే మీరు, అండీ అనేవారు. నేను మొదట్లో నోరు నొక్కుకుని నవ్వుకునేదాన్ని. మూలగది తుడిచిన రోజుదాకా.

ఆ గది పైఅంతస్తులో వరండా చివర ఉండేది. దాన్ని ఎవరికీ ఇచ్చేవారు కాదు. పెళ్ళిళ్ళ సీజన్లో గదుల్లేక జనం బతిమాలినా రత్నంగారు "అందులో మనిషున్నారండీ" అని పంపించేసేవారు. వారానికోసారి తుడవడం మాత్రం మానకూడదు. ఆవేళ మిట్టమధ్యాహ్నం, ఎండ పేలిపోతోంది. స్టేషన్లో గూడ్సు బండి ఏదో ఆగి ఉంది. నేను తట్టాను, పలికాను, తాళం తీశాను. లోపల మంచం, బల్ల, కిటికీ. నేల ఊడుస్తూ మంచం వైపు వెళ్ళేసరికి నా వెనక ఎవరో గొంతు సవరించుకున్నారు. పెద్దవాళ్ళు ఆడపిల్లలున్న చోటికి వచ్చేముందు, నేనొస్తున్నానని తెలియడానికి చేస్తారు చూడండి, అలాగ. మెల్లగా, మర్యాదగా. చీర కుచ్చెళ్ళు సర్దుకుంటూ వెనక్కి తిరిగాను. ఎవరూ లేరు. మళ్ళీ మంచం వైపు చూస్తే, ఇందాక రాగానే నేను చేత్తో సాపు చేసిన దుప్పటి మధ్యలో పల్లంగా ఉంది. ఎవరో కూర్చున్నంత మేర. నేను చూస్తుండగానే ఆ పల్లం ఇంకాస్త దిగింది.

నేను మెట్లు ఎలా దిగానో నాకు తెలీదు. రత్నంగారు కింద కౌంటర్లో వక్క నములుతున్నారు. నా మొహం చూసి, "దగ్గారా?" అన్నారు.

తలూపాను.

"మంచివాళ్ళేనే. కూర్చో. మంచినీళ్ళు తాగు." ఆ తర్వాత కాస్త కోపంగా, "చీపురు అక్కడే పడేసొచ్చావా? ఆయన కాళ్ళకడ్డం! వెళ్ళి తీసుకురా," అన్నారు.

తీసుకొచ్చాను మరి. ఏడుస్తూనే వెళ్ళాను, అండీ అండీ అంటూనే తీసుకొచ్చాను.

ఆయన కథ నాకు ఆ సాయంత్రమే తెలిసింది. లాడ్జిలో దిగిన కుటుంబాల్లో పిల్లలుంటే, దీపాలు పెట్టే వేళకి రత్నంగారు వరండాలో చాప పరిపించేవారు. పిల్లల్ని కూర్చోబెట్టి దెయ్యాల కథ చెప్పేవారు. పెద్దవాళ్ళు కూడా గదుల గుమ్మాల్లో నిలబడి, వినట్లేదన్నట్టు వినేవారు. ఆవిడ చేతులు ఊపడం, కళ్ళు ఉరమడం లాంటివి ఏమీ చేసేవారు కాదు. కూర చేసే విధానం చెప్పినట్టు చెప్పేవారు. అందుకే ఎక్కువ భయం వేసేది.

"ఉల్లిపాయల మార్కెట్టుకి ఒక షావుకారుగారు వచ్చేవారు. ఎప్పుడొచ్చినా ఆ మూలగదే ఇవ్వాలి. చాలా పెద్దమనిషి. గదిలోంచి వెళ్ళేప్పుడల్లా కౌంటరు దగ్గర ఆగి, 'వెళ్ళొస్తానమ్మా రత్నం' అని చెప్పి మరీ వెళ్ళేవారు. ఒకరోజు అలాగే చెప్పి వెళ్ళారు. స్టేషన్లో బల్ల మీద కూర్చున్నారు. బండి వచ్చింది. ఆయన లేవలేదు."

"నిద్రపోయారా?" ఒక పిల్లాడు.

"అవునమ్మా, లేవని నిద్ర. వాళ్ళవాళ్ళు వచ్చి తీసుకెళ్ళారు. నేను పైకెళ్ళి గది కడిగించి తాళం వేశాను. సందె వేళ వరండాలోకి వస్తే, తాళం వేసిన గదిలో ఫ్యాను తిరుగుతోంది."

ఇక్కడ పిల్లలంతా ఒకళ్ళ మీదొకళ్ళు పడేవాళ్ళు.

"ఎందుకొచ్చారో చెప్పుకోండి? చావు జరిగిన ఇంటికి వెళితే, తిరిగి వచ్చేప్పుడు మీ అమ్మానాన్నా ఏం చెబుతారు?"

"ఏం చెప్పరు! చెప్పకుండా వచ్చేస్తారు!"

"మరి మామూలప్పుడో?"

"వెళ్ళొస్తామంటారు!"

"అదీ. వెళ్ళొస్తానంటే మళ్ళీ వస్తానని మాట ఇచ్చినట్టు. మాట ఇచ్చినవాళ్ళు ఎక్కడ ఇచ్చారో అక్కడికే రావాలి. పాపం, షావుకారుగారు మాట తప్పే మనిషి కాదు. అందుకే వాళ్ళ ఊరికి పోలేదు, పైకీ పోలేదు. ఇక్కడికొచ్చేశారు."

"ఉల్లిపాయల వాసన వస్తుందా అండీ ఆయన దగ్గర?" అని ఒక పిల్ల అడిగింది.

"గూడెంలో ఉల్లిపాయల వాసనొచ్చిన ప్రతిదీ దెయ్యమైతే ఊళ్ళో మనుషులే మిగలరు తల్లీ!"

అందరూ గొల్లుమనేవారు. ఆ నవ్వుతో భయం దిగిపోయేది. పిల్లలు అన్నాలు తిని పడుకునేవారు. పొద్దున్న వెళ్ళేప్పుడు మూలగది దగ్గరికి వెళ్ళి "వెళ్ళొస్తామండీ షావుకారుగారూ!" అని అరిచి, పరుగెత్తి మెట్లు దిగేవారు. ఆవిడ మురిసిపోయేవారు.

నేను చేరిన రెండో ఏడు వానలు విపరీతంగా పడ్డాయి. కొల్లేరు పొంగింది. లంక గ్రామాల్లోకి నీళ్ళొచ్చి, చుట్టాలున్నవాళ్ళు చుట్టాల ఇళ్ళకి, లేనివాళ్ళు ఎక్కడ దొరికితే అక్కడికి చేరారు. కొల్లేటికోట అవతలి ఒక ఊరినుంచి వచ్చిన కుటుంబం మా దగ్గర దిగింది. భార్యాభర్తలు, మామ్మగారు, ఏడెనిమిదేళ్ళ పిల్ల. పిల్ల పేరు చిట్టి అనే గుర్తు. తల్లికి నెలలు నిండుతున్నాయి. కాళ్ళు వాచిపోయి ఉన్నాయి. అయినా నవ్వుమొహమే. నేను టీ పట్టుకెళితే "ఎందుకండీ ఇన్నిసార్లు మెట్లెక్కుతారు, నేనే వస్తాను కదా" అనేది. మెట్లెక్కే ఓపిక ఎవరికుందో అందరికీ తెలుసు.

ఒక పొద్దున్న ఆవిడకి నొప్పులు మొదలయ్యాయి. ఏదో తేడాగా ఉందని ఏలూరు తీసుకెళ్ళమన్నారు. అంబులెన్సు వచ్చింది. భర్త పట్టుకుని దింపుతుంటే ఆవిడ మెట్ల మీద ఆగింది. పైన వరండాలో కమ్మీలు పట్టుకుని నిలబడ్డ పిల్లని చూసి, "చిట్టీ, మామ్మని విసిగించకేం? వెళ్ళొస్తానమ్మా," అంది.

ఆ సాయంత్రం కరెంటు లేదు. పిల్ల అన్నం ముట్టలేదు. మామ్మగారు దండం పెట్టుకుంటూ మంచం మీదే ఉన్నారు. దిగులుగా ఉన్న పిల్లని కాస్త మరిపిద్దామని రత్నంగారు చాప పరిపించారు. లాంతరు పెట్టి, తనకి బాగా వచ్చిన కథే చెప్పారు. షావుకారుగారి కథ. చిట్టి నవ్వలేదు, భయపడలేదు. కథ అయిపోయాక ఒకటే అడిగింది.

"వెళ్ళొస్తానంటే తప్పకుండా వస్తారా?"

"తప్పకుండా వస్తారు తల్లీ."

"చెప్పిన చోటికేనా?"

"చెప్పిన చోటికే."

పిల్ల మొహం విప్పారింది. కంచం తెచ్చుకుని అన్నం తినేసింది. రత్నంగారు నావైపు చూసి, చూశావా అన్నట్టు కనుబొమ్మలెగరేశారు. నాకూ ఎంత సంతోషమేసిందో.

మర్నాడు మధ్యాహ్నం ఫోన్ వచ్చింది. తల్లీ లేదు, లోపలి బిడ్డా లేదు. రత్నంగారు ఫోన్ పట్టుకుని "అలాగేనండీ, అలాగేనండీ" అంటూ ఉండిపోయారు. ఊరికి వెళ్ళే దారి మీద నీళ్ళు మళ్ళీ పెరుగుతున్నాయట. చీకటి పడేలోపే అంతా అయిపోవాలి. ఏలూరునుంచి అటు తీసుకుపోతున్నారు, పిల్లనీ మామ్మనీ వ్యానెక్కించి వెంటనే పంపమని తండ్రి ఏడుస్తూ చెప్పాడు. ఆలస్యమైతే పిల్లకి తల్లి కడసారి చూపు దక్కదు. మామ్మగారికి చెబితే ఆవిడ గోడవైపు తిరిగి, నోట్లో కొంగు కుక్కుకున్నారు. పిల్లకి చెప్పొద్దని చేతులు పట్టుకున్నారు.

వ్యాను వచ్చింది. పిల్ల గదిలో లేదు. వెతికితే, మూలగది తలుపుకి వీపు ఆనించి కూర్చునుంది. వాన జల్లు వరండాలోకి కొడుతోంది. గౌను తడిసిపోయింది.

"రావే తల్లీ, మీ అమ్మ ఇంటికొచ్చేసిందంట, పోదాం," అన్నారు మామ్మగారు.

"అబద్ధం," అంది చిట్టి. "అమ్మ చచ్చిపోయింది. నాకు తెలుసు. నువ్వు గోడవైపు తిరిగి ఏడ్చావు."

మామ్మగారు అక్కడే కూలబడిపోయారు.

"నేను రాను," అంది పిల్ల, కన్నీటి చుక్క లేకుండా. "అమ్మ వెళ్ళొస్తానని ఇక్కడ చెప్పింది. షావుకారుగారిలాగే ఇక్కడికే వస్తుంది. మనం వెళ్ళిపోతే అమ్మ వచ్చి చూస్తుంది. ఎవరూ ఉండరు."

కింద వ్యాను డ్రైవరు హారను కొడుతున్నాడు. నేను పిల్లని ఎత్తుకోబోతే, తలుపు గడియ రెండు చేతులతో పట్టేసుకుంది. ఆ పట్టు విడిపించాలంటే వేళ్ళు విరిగేలా ఉన్నాయి. నేను రత్నంగారి వైపు చూశాను. ఆవిడ మెల్లగా వచ్చి, ఆ తడి నేల మీద పిల్ల ఎదురుగా చతికిలబడ్డారు.

"చిట్టీ, ఇటు చూడు. అదంతా నేను కట్టిన కథమ్మా."

"కాదు."

"అవును. పిల్లలకి పొద్దుపోవడానికి చెబుతాను. షావుకారుగారనే ఆయన ఉండేవారు, పోయారు. మళ్ళీ రాలేదు. పోయినవాళ్ళెవరూ రారమ్మా. ఈ గదిలో ఎవరూ లేరు."

ఆ మాట ఆవిడ నోట్లో ఉండగానే, లోపల ఫ్యాను తిరగడం మొదలైంది.

కిర్రు, కిర్రు, కిర్రు. నాకు బాగా తెలిసిన చప్పుడు. పిల్ల తల ఎత్తింది. కళ్ళు మెరిశాయి. "ఫ్యాను!"

"కరెంటొచ్చింది," అన్నారు రత్నంగారు, తడుముకోకుండా.

నేను తలెత్తి, నిన్నటినుంచీ స్విచ్చి వేసే ఉన్న వరండా బల్బు వైపు చూశాను. వెలగలేదు. పిల్ల కూడా చూస్తుందేమోనని గబుక్కున దానికడ్డంగా జరిగాను.

"అయితే తలుపు తీయండి," అంది పిల్ల.

రత్నంగారు నడుమునుంచి తాళాలు తీశారు. అన్నేళ్ళలో మొదటిసారి, ఆవిడ తట్టలేదు. అండీ అనలేదు. తాళం తిప్పి, ఖాళీ గది తలుపు తోసినట్టు తోసేశారు.

ఫ్యాను ఆగుతోంది. ఆఖరి చుట్టు మెల్లగా తిరిగి రెక్కలు నిలిచిపోయాయి. గదిలో ఇప్పుడే ఎవరో లేచి వెళ్ళినట్టు గాలి కదిలి ఉంది. పిల్ల లోపలికి వెళ్ళింది. మంచం కింద చూసింది, తలుపు వెనకాల చూసింది, కిటికీ రెక్కలు లాగి చూసింది. దుప్పటి మీద చేత్తో రాసింది. గీత కూడా లేకుండా సాపుగా ఉంది. నేను ఊపిరి బిగబట్టుకుని నిలబడ్డాను. గొంతు సవరించుకున్న చప్పుడు ఎక్కడ వినిపిస్తుందోనని. ఏమీ వినిపించలేదు. వాన తప్ప.

"ఎవరూ లేరు," అంది చిట్టి. అప్పుడు ఏడ్చింది. వచ్చి రత్నంగారి మెడ పట్టుకుని, ఊపిరాడనంతగా ఏడ్చింది. ఆవిడే ఎత్తుకుని మెట్లు దిగి, వ్యాన్లో మామ్మగారి ఒళ్ళో కూర్చోబెట్టారు.

చీకటి పడబోతుండగా తండ్రి ఫోన్ చేశాడు. "చూసిందండీ. వాళ్ళమ్మ కాళ్ళు పట్టుకుని కూర్చుంది," అన్నాడు. అంతే, పెట్టేశాడు.

ఫోన్ కింద పెట్టి రత్నంగారు పైకి వెళ్ళారు. నేనూ వెనకాలే వెళ్ళాను. మూలగది గుమ్మం దగ్గర కొంగు భుజాల చుట్టూ కప్పుకుని నిలబడ్డారు. తలుపు మెల్లగా తట్టి, గుసగుసగా అన్నారు.

"క్షమించండి బాబుగారూ. మీరు లేరన్నాను. పిల్ల కోసం అన్నాను."

ఒక ఊపిరి తీసి వదిలేంతసేపు ఆగాము. ఇంకో ఊపిరి. ఆవిడ తలుపుకి చెంప ఆనించి చాలాసేపు విన్నారు. మెల్లగా వెనక్కి వచ్చి నా భుజం పట్టుకున్నారు.

"పెద్దమనిషి. తప్పుకున్నారే," అన్నారు.

నిజంగానే తప్పుకున్నారు. ఆ తర్వాత నేను ఎన్ని వారాలు ఆ గది తుడిచానో. ఫ్యాను తిరగలేదు, దుప్పటి నలగలేదు. మామూలు గదైపోయింది. చివరికి రత్నంగారే దాన్ని అద్దెకివ్వడం మొదలుపెట్టారు. ఇచ్చిన మొదటిరోజు మాత్రం కౌంటర్లో కూర్చుని కళ్ళు తుడుచుకున్నారు. నేను చూడనట్టు దుప్పట్లు మడత పెట్టుకున్నాను. ఎవరికోసం ఏడుస్తున్నారో అడగలేదు. ఆ తల్లికోసమో, షావుకారుగారికోసమో. దెయ్యం పోయినందుకు ఏడ్చిన మనిషిని నేను ఆవిణ్ణొక్కరినే చూశాను.

షావుకారుగారి కథ కూడా ఆవిడ మళ్ళీ చెప్పలేదు. పిల్లలు అడిగితే మర్చిపోయానని తప్పించుకునేవారు. ఒకసారి నేనే ఊరుకోలేక అడిగాను.

"భయపడతారనాండీ, పిన్నిగారూ?"

"భయానికేం. రాత్రి భయం పెడితే తెల్లారేసరికి మర్చిపోతారు. నేను ఆ పిల్లకి పెట్టింది భయం కాదే మణీ, ఆశ. దాన్ని ఇన్ని అబద్ధాలాడి పీక్కోవాల్సొచ్చింది." నడుముకున్న తాళాలు సర్దుకుంటూ, "అబద్ధాలూ కాదులే. వాళ్ళమ్మ విషయంలో చెప్పింది నిజమేగా," అన్నారు, తనకి తానే చెప్పుకుంటున్నట్టు.

తర్వాత ఆవిడకి మోకాళ్ళు పట్టేశాయి. కామవరపుకోటలో తమ్ముడి దగ్గరికి వెళ్ళిపోయారు. నేను ఏలూరు వచ్చేశాను. ఒకసారి వెళ్ళి చూసొచ్చాను. మొక్కజొన్న కండెలు కాల్చి పెట్టారు. లాడ్జి సంగతులే అడిగారు. ఆ మరుసటి ఏడే పోయారని ఆలస్యంగా తెలిసింది.

ఇప్పుడు మా హోటల్లో పెళ్ళివాళ్ళు దిగినప్పుడల్లా పిల్లలు నా చుట్టూ చేరతారు. నేను వాగుడుకాయని కదా, పట్టేస్తారు. హోటలంటే దెయ్యం ఉండాల్సిందే వాళ్ళకి. లిఫ్టులో ఉందా అంటారు, బాత్రూం అద్దంలో ఉందా అంటారు. నాకేం తక్కువా, బోలెడు చెబుతాను. కానీ మొదలుపెట్టేముందు, ఊరికే కబుర్లలో పెట్టినట్టు, ఒక్కొక్కళ్ళనీ అడుగుతాను. ఎవరెవరు వచ్చారు నాన్నా? అమ్మ వచ్చిందా? నాన్న ఏరీ? తాతగారు రాలేదేం?

కిందటివారం అలాగే అడుగుతుంటే, ముందు పళ్ళు ఊడిన ఒక పిల్లాడు షర్టు గుండీ తిప్పుకుంటూ, "మా నాన్న ఆసుపత్రిలో ఉన్నాడు. రేపు వచ్చేస్తానన్నాడు," అన్నాడు. వెనకాల నిలబడ్డ వాళ్ళ పిన్ని నావైపు చూసి, చటుక్కున మొహం తిప్పుకుంది.

నేను లిఫ్టు దెయ్యాన్ని అక్కడికక్కడే మింగేశాను. కొల్లేట్లో బుట్టలో పడ్డ పీత ఒకటి, తన కాలు తనే వదిలేసి ఎలా తప్పించుకుందో చెప్పడం మొదలెట్టాను. పీతలాగా పక్కకి నడిచి కూడా చూపించాను. మిగతా పిల్లలు నవ్వారు. వాడు మాత్రం చాలా నిరాశపడి, చేతులు నడుముకి పెట్టుకుని అడిగాడు.

"ఏంటాంటీ, మీకసలు దెయ్యాల కథలు రావా?"

"రావు నాన్నా," అన్నాను. "ఒక్కటి కూడా రాదు."